బోటు ఫ్యాను కోసం సీమ దారుల్లో

తిరిగి వచ్చి వారం దాటినా నా నడుము ఇంకా బస్సు సీటులోనే ఉన్నట్టుంది. అంగడికి వచ్చేవాళ్లు "ఇన్నాళ్లు యాడికి పోయింటివి శెట్టీ" అని అడుగుతున్నారు. బోటుకు ఫ్యాను వెతకడానికి పోయానంటే నవ్వుతున్నారు. వాళ్ల తప్పేం లేదు. నేను కర్నూలు పాతబస్తీలో బోరు మోటార్లకు, పంపుసెట్లకు సామాన్లు అమ్ముకుంటాను. నీళ్లు ఎన్ని అడుగుల కింద పడ్డాయో, అసలు పడలేదో చెప్పే రైతులే నా దగ్గరికి వస్తారు. నీళ్ల మీద తిరగాల్సిన అవసరం మా వీధిలో ఎవరికీ రాలేదు.

ఆ అవసరం నా బావమరిది శివకు వచ్చింది. శివ నా భార్య సరోజకు తమ్ముడు. వాళ్లు పుట్టిన ఊరు పాపయ్యకొట్టాల. మైదుకూరు దాటి లోపలికి పోతే కొండల నడుమ ఉండేది. అక్కడ జలాశయం కట్టినప్పుడు ఊరు నీళ్ల కిందికి పోయింది. ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క కిరాణా అంగడి మా మామగారిది. జనాన్ని గట్టుకు ఇవతల కాలనీలో ఉంచారు. శివ కూడా అక్కడే కొన్నాళ్లు సేద్యం చేసి, బోర్లు ఎండిపోయాక విసిగి, అనుమతి తెచ్చుకుని ఒక ఫైబర్ బోటు కొన్నాడు. ఇంజను కోస్తాలో చేపలవాళ్లు వాడి వదిలేసినది. ఆదివారాల్లో కడప నుంచి, ప్రొద్దుటూరు నుంచి వచ్చే కుర్రకారును తిప్పుతాడు. బోటు పక్కన ఎర్ర అక్షరాలతో 'స్పీడ్ బోట్' అని రాయించాడు.

ఈ ఏడాది కాలనీలోని ముసలివాళ్లు ఒక కోరిక కోరారు. ప్రతి పెద్దల అమావాస్యకూ గట్టు మీద నిలబడి నువ్వులు, నీళ్లు వదిలేవాళ్లు. ఈసారి ఊరి మీదికే తీసుకుపొమ్మన్నారు. ముందుగా ఒకసారి చూసివద్దామని శివ ఎనిమిది మందికి లైఫ్ జాకెట్లు తొడిగి ఎక్కించుకున్నాడు. సగం దూరం పోయాక కనుమలోంచి గాలి లేచింది. ఇంజను ఎంత అరిచినా బోటు ముందుకు పోలేదు. గాలి పక్కకు నెట్టేస్తుంటే, మునిగిన గోడ ఏదో ఇంజను వెనక నీళ్లలో తిరిగే ఫ్యానుకు తగిలి రెక్క వంగింది. బోటు అడ్డంగా తిరిగింది, అలలు లోపలికి కొట్టాయి. దూరంగా వల వేసుకుంటున్నవాళ్లు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. గట్టు ఎక్కాక నాగమ్మవ్వ అనే ఆవిడ శివతో ఒకటే మాట అన్నదట. "ఇల్లు పోయిన నీళ్లల్లోనే నేనూ పోవల్లనా నాయనా?"

ఆ తర్వాతి రోజే శివ గోనెసంచిలో వంగిన ఫ్యానుతో కర్నూలులో మా అంగడి ముందర దిగాడు.

కర్నూలు

మొదట ఒక వెల్డింగ్ షెడ్డులో చూపించాం. సుత్తితో కొట్టి రెక్కను నిటారు చేశాడు గానీ, ఇరుసు మీద పెట్టి తిప్పితే ఫ్యాను తల ఊపుతూ తిరిగింది. కొత్తది దొరుకుతుందేమోనని రెండు రోజులు ఊరంతా తిరిగాం. ట్రాక్టరు సామాన్లవాళ్లు, జనరేటర్లవాళ్లు, పాత ఇనుము కొట్లవాళ్లు అందరూ దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి తిరిగి ఇచ్చేశారు. ఒకాయన మాత్రం అవుకు జలాశయంలో బోట్లు తిప్పే మస్తాన్ అనే మనిషి ఉన్నాడని, ఆయన దగ్గర పాత ఫ్యాన్లు ఉంటాయని చెప్పాడు.

"ఫోన్ చేస్తే సాలదా?" అన్నాను.

"చేసినా బావా. ఇంజను, బోటు, మనుషులు అన్నీ సెప్పల్లంట. నాకు సెప్పనీకి రాలేదు. నువ్వు రా" అన్నాడు శివ.

నాకు అరవై దగ్గర పడింది. మోకాలు సరిగా వంగదు, షుగరుంది. నేను రానని చెప్పేలోగా సరోజ నా సంచి సర్దేసింది. అమావాస్యకు తనూ వస్తానని తమ్ముడికి అప్పటికే మాటిచ్చేసింది. ఊరు మునిగాక ఆమె ఆ గట్టు వైపు ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు ఎందుకు పోవాలనుకుందో నేను అడగలేదు.

బేతంచెర్ల మీదుగా

బయలుదేరే ముందు బస్టాండు పక్కన ఉగ్గాని తిన్నాం. బొరుగుల్ని నానబెట్టి, తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లిన ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. కడప వైపు పోతే ఇది ఇలా దొరకదని శివ రెండో ప్లేటు కూడా తిన్నాడు.

బస్సులో నా పక్కన ఉల్లిగడ్డల మూటతో ఒకామె కూర్చుంది. నా ఒళ్లో సంచిలోంచి పొడుచుకొచ్చిన రెక్క ఆమె మోచేతికి తగిలింది.

"ఏమప్పా ఇది, ఇంటి ఫ్యానా?"

"కాదమ్మా. బోటుది. నీళ్లల్లో తిరుగుతాది."

ఆమె కిటికీ బయటికి చూసింది. బేతంచెర్ల నాపరాళ్ల గుట్టలు, తెల్లటి దుమ్ము, ఎండిన వంకలు.

"యాడుండాయి నీళ్లు?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

అవుకులో ఉన్నాయని చెప్పాను. "మాకు వారానికొకసారి ట్యాంకరు వస్తాది. నీళ్లున్న ఊరికి పోతాండావు, మంచిదే" అని మూట సర్దుకుని నిద్రపోయింది. బనగానపల్లె వచ్చేదాకా ఆమె తల నా భుజం మీదే ఉంది. ఎలా కదలాలో తెలియక నేను అలాగే కూర్చున్నాను. దిగేటప్పుడు చూస్తే సంచిని చించుకుని ఫ్యాను అంచు నా ప్యాంటును మోకాలి దగ్గర కోసింది. మిగతా ప్రయాణమంతా ఆ చిరుగుతోనే తిరిగాను.

అవుకు

మస్తాన్ యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చెవిలో ఫోను. ఆదివారం వచ్చే గుంపు గురించి ఎవరితోనో మాట్లాడుతూనే మమ్మల్ని షెడ్డులోకి రమ్మన్నాడు. గోడకు మేకులు కొట్టి ఫ్యాన్లు తగిలించాడు. కొన్నింటికి రెక్కల అంచులు ఎలుకలు కొరికినట్టు ఉన్నాయి.

ఆయన మా ఫ్యాను నడిబొడ్డు మీద మట్టి తుడిచి, అక్కడ చెక్కిన అంకెలు చూపించాడు.

"రెండు నంబర్లుంటాయి సేటూ. ముందుది వెడల్పు. రెండోది, ఒక్క చుట్టు తిరిగితే నీళ్లను కోసుకొని ఎన్ని అంగుళాలు ముందుకు పోవల్లనో అది. పిచ్ అంటారు. మీది పధ్నాలుగు. ఇద్దరు మనుషులు, ఒక వల ఏసుకొని ఉరికే బోటుకు పెట్టినారు దీన్ని. మీరు ఎంతమందిని ఎక్కిస్తాండారు?"

"ఎనిమిది మంది" అన్నాడు శివ.

"లారీకి లోడేసి ఘాటురోడ్డు మీద టాప్ గేర్లో పోతే ఎట్లుంటాది? అట్ల ఉంటాది. పిచ్ తగ్గించల్ల. పదకొండో, పన్నెండో."

"రెండిట్లో ఏది?"

"అది నాకూ తెల్దు. బోటు బోటుకూ మారుతాది. నిండా బరువేసి, పూర్తిగా రేజు చేసి చూసుకోవల్ల. మీ ఇంజను ఐదు వేల చుట్లకు రొంత అటూ ఇటూ తిరగల్ల. రాకపోతే ఫ్యాను బరువైనట్టు. శానా దాటితే తేలికైనట్టు." ఇంజను తీగకు చుట్టి పెడితే చుట్లు చూపించే చిన్న మీటరును మాకు అరువిచ్చాడు.

ఇదంతా శివ వింటున్నాడో లేదో నాకు తెలియదు. వాడి కళ్లు చివరి మేకు మీద ఉన్నాయి. అక్కడ ఒక స్టీలు ఫ్యాను అద్దంలా మెరుస్తోంది. రెక్కలు పలచగా, కత్తుల్లాగా ఉన్నాయి.

"అదెంత పిచ్ అన్నా?"

"పదిహేను. అది రేసులకు పోయే పిల్లోల్లు పెట్టుకునేది."

శివ దాన్ని దించి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "స్టీలు గట్టిది గదా. గోడ తగిలినా వంగదు. గట్టిగా తోస్తే గాలిని కూడా కోసకపోతాది. ఏం బావా?"

నాకు తెలిసింది పంపులు. పంపులో చక్రం పెద్దదైతే నీళ్లు ఎక్కువ తోస్తుంది. ఆ లెక్కతో నేనూ సరేనన్నాను. మస్తాన్ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "సరే, తీసకపోండి. పనికి రాకుంటే ఫోన్ చేయండి" అన్నాడు తప్ప వాదించలేదు. ఆయన కోసం గట్టు మీద జనం ఎదురుచూస్తున్నారు.

మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే తిన్నాం. మేం మాంసం ముట్టమని తెలిసి వాళ్లావిడ జొన్నరొట్టెలు, వంకాయ కూర, వేయించిన చెనిక్కాయల కారం పెట్టింది. మా కర్నూలులో వేరుశనగల్ని బుడ్డలంటాం. "బుడ్డల కారం శానా బాగుందమ్మా" అంటే ఆమె ఒక క్షణం ఆగి, అర్థమయ్యాక నవ్వింది.

జమ్మలమడుగు

కొలిమిగుండ్ల మీదుగా జమ్మలమడుగు చేరేసరికి సాయంత్రమైంది. మైదుకూరు బస్సు వెళ్లిపోయింది. లాడ్జిలో గది తీసుకున్నాం. పైన ఫ్యాను తిరగలేదు. కింది నుంచి వచ్చిన మనిషి దాన్ని కర్రతో ఒకసారి తోసి, తిరగకపోయేసరికి, "గాలి కిటికీలో నుంచి వస్తాది సార్" అని వెళ్లిపోయాడు. మంచం మీద గుడ్డలో చుట్టి పెట్టుకున్న స్టీలు ఫ్యానును, పైన తిరగని ఫ్యానును చూసి శివ నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు.

రాగిసంగటి, పప్పు తెప్పించుకుని తిన్నాం. తింటూ శివ చెప్పాడు. "ఆదివారం వచ్చే పిల్లోల్లకు స్పీడు లేకుంటే ఎక్కరు బావా. 'ఎంత స్పీడు పోతాది' అనేదే మొదటి మాట. నా బోటును సూసి పక్కూరి బోటుకు పోతే నేనేం తినల్ల?"

"అమావాస్యకు ఎక్కేవాళ్లు ఏమడిగినారు?"

వాడు సంగటి ముద్దను మళ్లీ పప్పులో ముంచి, "వాళ్లేం అడగలేదు" అన్నాడు.

జలాశయం గట్టు

ప్రొద్దుటూరు, మైదుకూరు దాటి ఆటోలో గట్టుకు చేరాం. నేను చివరిసారి ఇటు వచ్చినప్పుడు ఇక్కడ మట్టిదారి ఉండేది. దారికి రెండు వైపులా చెనిక్కాయ చేలు. ఇప్పుడు గట్టు మీద నిలబడితే ఎదుట నీళ్లు, నీళ్లకు అవతల కొండలు. అందంగానే ఉంది. చూసి పొగడడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

పాత ఫ్యాను విప్పి స్టీలుది ఎక్కించాం. చీలపిన్ను తీసి, నట్టు విప్పి, ఇరుసుకు గ్రీజు పూసి, పళ్లలోకి జరిపి మళ్లీ బిగించడమే. మేమిద్దరమే బోటులో కూర్చుని ఒక చుట్టు తిరిగాం. బోటు నీళ్ల మీద నిలవకుండా ఎగిరింది. శివ ముఖం చూస్తే పదేళ్లు తగ్గినట్టున్నాడు. గట్టు మీద నిలబడిన ఇద్దరు ముగ్గురు ఈలలు వేశారు.

తర్వాత యూరియా సంచుల్లో ఇసుక నింపి, ఎనిమిది మంది బరువు బోటులో సర్దాం. కాలనీ నుంచి జనం వచ్చారు. నాగమ్మవ్వ కూడా వచ్చి, నెత్తిన కొంగు వేసుకుని రాతి మీద కూర్చుంది. ఎనభై దగ్గరుంటాయి. మనిషి పిడికెడంత, చూపు మాత్రం గట్టిది.

శివ ఇంజను పూర్తిగా తెరిచాడు. బోటు ముక్కు ఆకాశంలోకి లేచింది, వెనక భాగం నీళ్లలోకి కూర్చుంది. నల్లటి పొగ వచ్చింది. మీటరు నాలుగు వేలు కూడా చూపించలేదు. మధ్యాహ్నం గాలి అప్పుడే మొదలైంది. ఆ గాలికి ఎదురుగా బోటు మొండికేసిన గేదెలా ఆగిపోయింది. నెమ్మదిగా పోదామని ఇంజను తగ్గిస్తే, గేరు పడగానే ఒక్క దూకు దూకి బస్తా ఒకటి నా కాలి మీద పడింది.

ఒడ్డుకు వచ్చాం. నాగమ్మవ్వ లేచి కర్ర తీసుకుని, "ఇది ఉరికే బండి నాయనా. మోసే బండి కాదు" అని కాలనీ వైపు నడిచింది.

శివ ఆమె వెళ్లిన వైపు చూస్తూ బోటు అంచు మీద కూర్చున్నాడు. నేను నా కాలు రుద్దుకుంటూ పక్కన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఇక వదిలేయరా అని చెప్పాలని ఉంది. కర్నూలు బస్సు ఎక్కి, మా అంగడిలో నా కుర్చీలో కూర్చోవాలని ఉంది.

కాసేపటికి వాడే ఫోను తీశాడు. "మస్తానన్నా, పదకొండుది పంపు. ఆ అల్యూమినియంది."

అవతల ఆయన గొంతు నాకూ వినిపించింది. "ఆడ మునిగిన గోడలుండాయన్నావు గదప్పా. స్టీలుది తగిల్తే అది వంగదు, లోపల గేరు పళ్లు ఇరుగుతాయి. అల్యూమినియం అయితే అదే వంగి ఇంజనును కాపాడుతాది. జమ్మలమడుగు బస్సులో ఏపిస్తా. కానీ దానితో స్పీడు ఉండదు. తెల్సు గదా?"

"తెల్సు" అన్నాడు శివ.

మైదుకూరు బస్టాండు

బస్సుల్లో సామాను పంపడం సీమలో మామూలే. కండక్టరు చేతిలో పెట్టి, బండి నంబరు ఫోనులో చెబితే చాలు. మరుసటి రోజు పొద్దున్నే వచ్చి మైదుకూరు బస్టాండులో కూర్చున్నాం. మస్తాన్ చెప్పిన వేళకు బస్సు వచ్చింది గానీ ఫ్యాను రాలేదు. ప్రొద్దుటూరులో బండి మార్చారని, పాత కండక్టరు సామాను సంగతి తనకు చెప్పలేదని కొత్త కండక్టరు అన్నాడు.

నేను సిమెంటు బల్ల మీద వాలిపోయాను. మందు వేసుకునే వేళ దాటింది. శివ పరిగెత్తి నాకోసం దోసె తెచ్చాడు. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లిన కడప కారందోసె. ఒక్క ముక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఊళ్లో కారం నాలుకను పట్టుకుంటుంది, ఇక్కడిది చెవులను పట్టుకుంటుంది. పక్కన కూర్చున్న పసుపు వ్యాపారి ఒకాయన తన సీసాలో మజ్జిగ నాకిచ్చాడు.

"యాడికి పోవల్ల?" అన్నాడు.

సంగతి చెప్పాను. పాపయ్యకొట్టాల పేరు వినగానే ఆయన మెడ తిప్పి నన్ను చూశాడు. "ఆడ శెట్టి అంగడి ఉండేది. మా నాయన వెంట పసుపు కొననీకి పోయినప్పుడు ఆడ బెల్లం ముక్క పెడతాండ్రి" అన్నాడు.

"అది మా మామగారిదే."

ప్రొద్దుటూరు పోయే బస్సు రాగానే ఆయనే లేచి డ్రైవరుతో మాట్లాడి, మాకు ముందు సీటు ఇప్పించాడు.

ప్రొద్దుటూరు బస్టాండులో పాత కండక్టరు డ్యూటీ దిగి ఇంటికి పోయాడు. ఫోను కలవలేదు. సామాన్ల గదిలో లేదు. ఆగి ఉన్న బస్సుల్లో ఒక్కొక్కదాని సీట్ల కింద శివ వంగి వెతికాడు. చివరికి ఒక బస్సు వెనక సీటు కింద, వంకాయల గంపల నడుమ అది దొరికింది. మెరుపేమీ లేదు. నల్లరంగు వేసిన, రెక్కలు వెడల్పుగా ఉన్న మొద్దు ఫ్యాను. శివ దాన్ని చంకలో పెట్టుకుని నడుస్తుంటే గంపలామె, "నా వంకాయలు నలిపినావు" అని తిట్టింది. నేను నిలబడి రెండు కిలోలు కొన్నాను.

ఇసుక బస్తాలు

మళ్లీ అవే బస్తాలు, అదే మీటరు. ఈసారి చూడడానికి నాగమ్మవ్వ ఒక్కతే వచ్చింది. మొదట్లో బోటు ముక్కు రవ్వంత లేచి, వెంటనే దిగి సమంగా నిలబడింది. ఇంజను మోత మారింది. మూలుగు పోయి ఒకే తీరుగా పాడుతోంది. మీటరు ఐదు వేలు చూపించి, ఒక గీత దాటి నిలబడింది.

కనుమ వైపు తిప్పి గాలికి ఎదురు పోయాం. నీళ్లు ముఖం మీద కొట్టాయి గానీ బోటు ఆగలేదు. తగ్గిస్తే తగ్గింది. మనిషి నడిచే వేగం కన్నా మెల్లగా కూడా పోయింది. ఒడ్డు దగ్గర ఒక బండరాయి ముందర శివ బోటును గాలికి ఎదురు పెట్టి, ఇంజనును పిల్లి నడకలో ఉంచాడు. బోటు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు.

"స్పీడు పోయింది బావా" అన్నాడు. గొంతులో కొంచెం దిగులుంది. దాచుకోలేదు.

"ఆదివారానికి ఏం చేస్తావు?"

"ఏముండాది? ఎక్కేవాళ్లు ఎక్కుతారు. ముసిలోల్లను, పిల్లోల్లను పిల్సుకొని వచ్చేవాళ్లు లేరా?" అని ఆగి, "సూడల్ల" అన్నాడు.

ఒడ్డుకు వచ్చాక నాగమ్మవ్వ బస్తాలను ఒకసారి కర్రతో తట్టి చూసింది. "ఇసకను మోసింది గదా. నన్ను మోయదా?" అంది.

పాపయ్యకొట్టాల

అమావాస్య రోజు సరోజ పొద్దున కర్నూలు బస్సులో వచ్చింది. గారెలు, పాయసం, విస్తరాకులు తెచ్చింది. గట్టు ఎక్కి నీళ్లు చూడగానే ఆమె నడక ఆగింది. "ఇంత ఉండాదా" అంది, అంతే. లైఫ్ జాకెట్ తొడుక్కున్నాక తాళ్లు నేనే కట్టాను.

గాలి లేవకముందే బయలుదేరాం. బోటులో నాగమ్మవ్వ, పెద్దోబన్న అనే ముసలాయన, ఇంకో నలుగురు, సరోజ, నేను. అందరూ అంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. కనుమ మధ్యలో కనిపించే కొండకొన, ఇవతలి కరెంటు టవరు ఒకే గీతలోకి వచ్చాక శివ ఇంజను తగ్గించాడు. "ఊరు మొదలైంది" అన్నాడు.

కింద ఏమీ కనిపించలేదు. పచ్చటి నీళ్లు. అయినా అందరూ అంచు మీదికి వంగి చూశారు.

"ఈడ. ఈడనే ఆపు శివా" అంది నాగమ్మవ్వ. "ఇది మా గడప."

"నీదెట్లయితాది? ఇది మా ఎద్దుల గాటిపాడు" అన్నాడు పెద్దోబన్న. "మీ ఇల్లు ఇంగా ఎడమకు."

"గోడ అవతల నీది. గోడ ఇవతల నాది."

"ఆ గోడ కట్టింది ఎవురు? మా నాయన. గోడా మాదే."

"రెండు మూరలు మా జాగాలోకి జరిపి కట్టినాడు మీ నాయన. పంచాయితీలో కూడా సెప్పినారు."

"ఏ పంచాయితీ? నేను ఒప్పుకున్న్యానా?"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. తక్కినవాళ్లలో కొందరు ఆవిడ పక్షం, కొందరు ఆయన పక్షం. అంతసేపూ భయంతో బిగుసుకుపోయి ఉన్నవాళ్లు చేతులు తిప్పుతూ, వేళ్లతో నీళ్ల మీద హద్దులు చూపిస్తూ మాట్లాడుకున్నారు. శివ బోటును రవ్వంత ఎడమకు జరిపి నాగమ్మవ్వ ముఖం చూశాడు. మళ్లీ రవ్వంత కుడికి జరిపి పెద్దోబన్న ముఖం చూశాడు. చివరికి ఇద్దరికీ మధ్యగా నిలబెట్టాడు.

"సరే, ఈడ ఉండనీ" అంది నాగమ్మవ్వ. "ఆయప్పదీ, నాదీ."

ఆమె తన వైపు నుంచి నువ్వులు, నీళ్లు వదిలింది. ఆయన తన వైపు నుంచి వదిలాడు. ఎవరి పెద్దల పేర్లు వాళ్లు పలికారు. ఒక పేరు దగ్గర ఆయన తడబడితే ఆమె అందించింది.

ఒక్కొక్కరి ఇంటి దగ్గరా ఆగుతూ బోటు ఊరంతా తిరిగింది. చివర శివ ఒకచోట గాలికి ఎదురుగా నిలబెట్టి అక్కను చూశాడు. "అంగడి" అన్నాడు.

గాలి లేస్తోంది. అయినా బోటు ఉన్నచోటే ఉంది. సరోజ ఆకులో గారె, పాయసం పెట్టి నీళ్ల మీద వదిలింది. తర్వాత తమ్ముణ్ని అడిగింది. "ఎంత లోతురా?"

లోతు చూడడానికి శివ ఒక తాడుకు రాయి కట్టి ఉంచుకుంటాడు. దాన్ని అక్క చేతికిచ్చాడు. ఆమె మెల్లగా వదిలింది. ఒక బార, రెండు బారలు. మూడో బార పూర్తి కాకముందే తాడు సడలింది.

"తగిలింది" అంది.

"అంగడి మిద్దె అక్కా. నాపరాళ్లు పరిచింది గదా, కూలలేదు."

సరోజ తాడును కొంచెం పైకి లాగి మళ్లీ వదిలింది. మళ్లీ తగిలింది. తలుపు తట్టినట్టు ఇంకోసారి తట్టింది. నా వైపు తిరిగి తాడు చివర నా చేతిలో పెట్టింది. నేనూ వదిలి చూశాను. కింది నుంచి ఆ చిన్న దెబ్బ తాడు వెంట నా వేళ్లలోకి వచ్చింది. ఇన్ని రోజుల తిరుగుడు, నడుము నొప్పి, మోకాలు, అన్నీ అలాగే ఉన్నాయి. అవి కాసేపు వేరే ఎవరివో అనిపించింది.

"గట్టిగానే ఉండాది" అంది సరోజ, తాడును మళ్లీ తన చేతిలోకి తీసుకుంటూ.

బోటులో ఎవరూ పోదామనలేదు. శివ ఇంజను మీద చెయ్యి తీయకుండా, బోటును మిద్దె పైన అలాగే నిలబెట్టి ఉంచాడు.